గొళ్ళేనికి తగులుకున్న కోటు

గొళ్ళెం అన్న ఒక్క మాట రాయకుండా ఉంటే సరిపోయేది. ఫొటో పెట్టి ఊరుకుంటే అది బూడిదరంగు ఉన్ని కోటు, జేబు పక్కన ఒక చిరుగు, అంతే. ఊళ్ళో అలాంటి కోట్లు ఎన్ని లేవు, అలాంటి జేబులు ఎన్ని చిరగవు? ఊరుకోలేదు. ఫొటో కింద నాలుగు ముక్కలు రాసింది. రాసేటప్పుడు తన రాతకి తనే ఎంత మురిసిపోయిందో కూడా గుర్తుంది, ఇప్పుడు గొంతులో ముల్లులా దిగింది ఆ మురిపెమే. "ఇది ఎవరో లాగితే చిరిగింది కాదు. తలుపు గొళ్ళేనికి జేబు తగులుకున్నా ఆగకుండా నడిచివెళ్ళిన మనిషి కోటు. దారాలన్నీ వెనక్కి తిరిగి చూస్తున్నాయి. మనిషి మాత్రం చూడలేదు."

వెనక్కి తిరిగి చూస్తున్నాయట, దారాలు!

వీధిలో అందరూ రఫూ అక్క అని పిలిచే ఆమె, భూతద్దం కింద ఎవరిదో స్వెటర్ మోచేతిని పరుచుకుని, గంటసేపటిగా ఒక్క పోగు కూడా ఎక్కించకుండా కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం ఆ మనిషి కూర్చున్న కుర్చీ ఎదురుగా అలాగే ఉంది. అతను అరవలేదు, బెదిరించలేదు. తడి గొడుగుని గుమ్మం బయటే పెట్టి, కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. ఫోన్లో ఆ ఫొటో తెరిచి బల్లమీద ఆమెవైపు తిప్పి పెట్టి, ఎంతో మర్యాదగా, "ఈ గొళ్ళెం మా ఇంటిదండీ" అన్నాడు. కోటు తన భార్యదని, ఆమె ఇల్లు వదిలి రెండు నెలలైందని, ఎక్కడుందో తెలిస్తే చాలని అన్నాడు. ఆ కోటు అప్పుడు పరదా వెనక, అతనికి నాలుగడుగుల దూరంలో, రఫూ పూర్తయి కొక్కేనికి వేలాడుతోంది.  "చేతిలో అర్జెంటు పని ఉంది. రేపు నాలుగింటికి రండి" అని మాత్రం ఆమె అనగలిగింది.

ఆ రేపు ఇవాళే. గోడ గడియారం రెండు కొట్టి ఎంతోసేపు కాలేదు. కోటు ఇచ్చినావిడ కూడా ఇవాళే, మధ్యాహ్నమే వస్తానంది. ముందే హెచ్చరిద్దామని పొద్దుటినుంచి పదిసార్లు ఫోను చేసింది. ఆ నంబరు పనిచేయడం లేదు.

చిరుగుని చూసి ఏం జరిగిందని అడక్కు, అదే చెబుతుంది, విన్నది నోట్లోనే ఉంచుకో. ఆమెకి పదేళ్ళప్పుడు, చేతికి మొదటిసారి సూది ఇస్తూ నాన్న చెప్పిన మాట అది. ఇదే కుర్చీలో నలభై ఏళ్ళు కూర్చున్నాడు ఆయన. రఫూ అంటే బట్టలోంచే, ఎవరూ చూడని మడతలోంచి, పోగులు లాగి, పడుగులో పడుగు, పేకలో పేక కలిపి, చిరుగు ఎప్పుడూ లేనట్టు చేయడం. బాగా చేస్తే చేసినట్టే ఉండదు. అందుకే దుకాణానికి బోర్డు కూడా పెట్టుకోలేదు. వీధిలో ఎదురైతే పెద్దపెద్దవాళ్ళు ఆయన్ని ఎరగనట్టే తల తిప్పుకునేవారు, పలకరిస్తే తమ కోటు రఫూ కోటని పక్కవాళ్ళకి తెలిసిపోదూ! ఆయన చెయ్యి పట్టుకుని నడిచే పిల్లకి మాత్రం కడుపు రగిలిపోయేది. నాన్నా, ఆయన కోటు మొన్న మనమే కదా చేసింది, ఎందుకు పలకరించలేదు? "పలకరించలేదంటే పని బాగా కుదిరినట్టేనే" అని నవ్వేసేవాడు. ఆ నవ్వుని ఆమె ఏనాడూ నమ్మలేదు.

కాబట్టి మూడేళ్ళ కిందట చెల్లెలు పేజీ పెడదామన్నప్పుడు, వద్దు వద్దంటూనే మనసులో ఎగిరి గంతేసింది. 'కనపడని కుట్టు' అని పేరు పెట్టి, కింద దుకాణం చిరునామా రాశారు. ఆదివారం ఆ వారం చిరుగుల ఫొటోలు, గురువారం రఫూ అయ్యాక అవే చోట్ల ఫొటోలు. నాలుగు వందల పన్నెండు చిరుగులు. ఆరువేలమంది చూసేవాళ్ళు. పొద్దున్నే మొహం కడుక్కోకముందే ఫోను తెరిచి ఎంతమంది మెచ్చుకున్నారో చూసుకునే అలవాటు ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలియదు. నాన్నకి అందని పలకరింపులన్నీ తనే వసూలు చేస్తున్నాననుకుంది. ఎవరి బట్టలు చూపించి వసూలు చేస్తోందో ఆలోచించలేదు.

ఫోను తీసి చెల్లెలికి చేసింది. చెల్లెలు పళ్ళ డాక్టరు దగ్గర పేషెంట్లకి టైములిచ్చే పని చేస్తుంది.

"తొందరగా చెప్పక్కా, లోపల ఒకాయన అరగంటనించి నోరు తెరుచుకునే ఉన్నాడు."

"పేజీ ఎలా తీసెయ్యాలి?"

"ఏ పేజీ?"

"మనకేం పది ఉన్నాయటే?"

"నీకేమైనా పిచ్చా? ఆరువేలమందే! నీ పెళ్ళికి అరవైమంది రాలేదు."

ఆమె నవ్వలేదు. నిన్న జరిగింది మొత్తం చెప్పింది.  చెల్లెలు, "మనం ఎవరి మొహమైనా పెట్టామా, పేరు పెట్టామా? చిరుగు పెట్టాం. చిరుగుకి చిరునామా ఉంటుందా?" అంది, అరిచినట్టుగా.

"ఉందే. అతను చదివేశాడు."

"లోకంలో ఇన్ని ఫోన్లుండగా పోయిపోయి అతని కంటే పడిందా?"

"అతనేమీ వెతకలేదట. పొద్దున్నే ఫోను తెరిస్తే అదే ముందుకొచ్చి నిలబడిందట."

అవతల నీళ్ళ పంపు చప్పుడు, ఎవరో పుక్కిలించి ఉమ్మిన చప్పుడు. చెల్లెలు గొంతు తగ్గించింది. "అక్కా, ఆవిడ నంబరు నీ ఫోన్లో దాచుకున్నావా?"

"అందరివీ దాచుకుంటాను. 'బూడిద కోటు' అని రాసుకున్నాను."

"మొదట్లో పేజీ పెట్టేటప్పుడు, నీ ఫోన్లో నంబర్లన్నీ చూడనా అని ఆ యాప్ అడిగింది. నేనే సరే అని నొక్కాను. ఆయన ఫోన్లోనూ ఆ నంబరే ఉండుంటుంది. ఇద్దరికీ తెలిసిన మనిషి ఒకరుంటే, మీరిద్దరూ కూడా ఎరిగినవాళ్ళే అయుంటారని అనుకుని ఉంటుంది."

"అనుకున్నదెవరే?"

"ఎవరూ కాదక్కా. మనుషులెవరూ ఉండరక్కడ. దానంతట అదే అనుకుంటుంది."

గాజు తలుపుకి కట్టిన గంట మోగింది. ఆమె ఫోను పెట్టేసింది.

వచ్చినావిడకి ముప్పై ఎనిమిదో నలభయ్యో. పొట్టిగా కత్తిరించుకున్న జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఈత కొలను మందు వాసన ఆమెతోపాటే లోపలికొచ్చింది. పిల్లలకి ఈత నేర్పుతానని మొదటిసారి వచ్చినప్పుడే చెప్పింది.

"అయిపోయిందా అక్కా? క్లాసు క్లాసుకీ మధ్య పరిగెత్తుకొచ్చాను."

రఫూ అక్క లేచి తలుపు గడియ వేసింది. "ఇలా లోపలికి రా అమ్మా" అని పరదా వెనక్కి తీసుకెళ్ళింది. కూర్చోమంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక కోటు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. ఆవిడ జేబు పక్కన వేలు పెట్టి వెతికింది. వెతుకుతూనే ఉంది.

"ఎక్కడుంది?"

"నీ వేలి కిందే."

"కనపడట్లేదే!"

"కనపడకూడదు" అని, ఇక ఆగితే చెప్పలేనని తెలిసి, "నిన్న మీ ఆయన వచ్చాడమ్మా" అంది.

వేలు ఆగిపోయింది. మొహంలో రంగేమీ మారలేదు. ఊపిరి మాత్రం, నీళ్ళలోకి దూకబోయే మనిషిలా, లోపలికి తీసుకుని అక్కడే పట్టి ఉంచింది. రఫూ అక్క అన్నీ వరసగా చెప్పింది. ఫొటో చూపించింది. కింద రాసింది ఆవిడ చదువుకుంది, పెదాలు కదిలిస్తూ, రెండుసార్లు.

"బాగా రాశారు" అంది చివరికి. "ఇంకెవరి కోటో అయితే నేను కూడా మెచ్చుకునేదాన్ని."

"అమ్మా..."

"ఎవరు రాయమన్నారు మిమ్మల్ని? చిరుగు చూస్తే మీకు తెలిసిపోతుంది, సరే, అది మీ విద్య. తెలిస్తే తెలిసినట్టు మీ దగ్గరే ఉంచుకోవచ్చుగా? నేనేమైనా కథ చెప్పానా మీకు? జేబు చిరిగింది, కుట్టండి అన్నాను. అంతేగా అన్నది?"

"అంతే."

"నేను అన్నిట్లోంచీ వచ్చేశానక్కా. ఫొటోల్లోంచి వచ్చేశాను, గ్రూపుల్లోంచి వచ్చేశాను, స్నేహితుల్లోంచి కూడా వచ్చేశాను. పాత నంబరు ఆపేశాను. ఆ రోజు మీరడిగితే నోటికి అదే వచ్చింది, పదిహేనేళ్ళు చెప్పిన నంబరు కదా. ఒంటిమీద ఈ కోటొక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని నన్ను మళ్ళీ అక్కడే నిలబెట్టారు."

రఫూ అక్క తల దించుకుంది. క్షమించమని అడగడం కూడా, తన బరువు తీసి ఈ మనిషి నెత్తిన పెట్టడమే అనిపించింది. అందుకని అడగవలసింది కాకపోయినా వేరేది అడిగింది. "కొట్టేవాడా?"

"లేదు. కొట్టుంటే ఎవరికైనా చెప్పుకోవడానికి సులువుగా ఉండేది." ఆవిడ కోటుని మడతపెట్టసాగింది. "భార్యాభర్తల మధ్య దాపరికాలేంటి అనేవాడు. మొదట్లో ఆ మాట నాకెంత ముద్దొచ్చేదో తెలుసా? ఇద్దరికీ కలిపి ఒకే పేజీ. రోజుకొక ఫొటో, ఇద్దరం నవ్వుతూ. సాయంత్రం భోజనానికి ముందు నా ఫోను తను చదివేవాడు, తన ఫోను నాకిచ్చేవాడు, చదువుకో అని. నాకు చదవాలని ఉండేది కాదు. అది కూడా తప్పే అయ్యేది. తర్వాత్తర్వాత ఉన్న మెసేజీలు చదవడం మానేశాడు. ఏది లేదో అదే వెతికేవాడు. పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య ఏమీ లేదేం, ఏం తీసేశావు? నీళ్ళలో ఉన్నానండీ అంటే, కొలనుకి ఫోను చేసి కనుక్కునేవాడు."

"మరి ఆ రోజు...?"

"ఆ రోజు ఏం జరిగిందో మీరే రాశారుగా." ఆవిడ మడతపెట్టడం ఆపింది. "తలుపు తీశాను. జేబు గొళ్ళేనికి పట్టుకుంది. వెనకనించి, చాలా నెమ్మదిగా, 'ఆగు, కోటు చిరుగుతుంది' అన్నాడు. పదిహేనేళ్ళుగా ఆ గొంతు ఆగమంటే ఆగాను. ఆ రోజు ఎందుకో ఆగలేదు. అంతే అక్కా. అంతకంటే ఏమీ జరగలేదు. అది ప్రపంచంలో ఇద్దరికే తెలుసు."

ఇద్దరికే తెలిసిన సంగతిని ఆరువేలమందికి చూపించింది తను.  ఎవరి బట్టలూ తనవి కావు, ఎవరి చిరుగులూ తనవి కావు. సిగరెట్టు నిప్పుకి కాలిన ఆ చొక్కా చేతి మాటేమిటి? మానేశానని ఇంట్లో చెప్పుకున్నవాడిదేమో అది. మోకాళ్ళు మాత్రమే అరిగిన ఆ నల్ల ప్యాంటు? నాలుగు వందల పన్నెండు. ముఖాలు లేవు కదా అని ధైర్యం. తనకి చిరుగులే ముఖాలని, తనకెలాగో ఆ చిరుగు చేసిన మనిషికీ అలాగేనని, నిన్నటిదాకా తట్టలేదు.

"ఇప్పుడే తీసేస్తాను" అంది ఫోను అందుకుంటూ. "ఈ ఒక్కటే కాదు. మొత్తం పేజీ. నాకొద్దు ఇది."

"వద్దు!"

ఆవిడ చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. ఆ పట్టులో ఈత నేర్పే మనిషి బలముంది.

"మీకు అర్థం కావట్లేదు. నాలుగింటిలోపల అది మాయమైతే ఆయనకి ఇంక వేరే జవాబు అక్కర్లేదు. తీసేశారంటే ఉన్నట్టే. నేను ఈ ఊళ్ళోనే ఉన్నట్టు, మీకు తెలిసినట్టు, నేనే తీసెయ్యమన్నట్టు. తీసేసిన చోటే ఆయన కంటికి ఆనేది." పట్టు వదిలింది. "ఉద్యోగం దొరికి పన్నెండు రోజులైంది. చిన్నవాడొకడు ఇవాళే నీళ్ళలో మొదటిసారి కళ్ళు తెరిచాడు. మళ్ళీ ఇంకో ఊరికి పారిపోలేనక్కా. నాకు ఓపిక లేదు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు? అబద్ధం చెప్పినా నమ్మడు. మాటలు నమ్మడు ఆయన. కంటికి కనపడే వస్తువుంటేనే నమ్ముతాడు."

కోటుని లోపలి వైపు బయటికి తిప్పి సంచిలో కుక్కి, ఆవిడ పెరటి తలుపు నుంచే వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "కుట్టు మాత్రం నిజంగా బాగుంది" అంది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఆమె నడక వినపడినంతసేపూ ఆలోచించినా రఫూ అక్కకి తేలలేదు.

మూడున్నర.

పేజీ తెరిచి పైనుంచి కిందికి జరుపుకుంటూ పోయింది. ఉండాలా, వెళ్ళిపోవాలా అన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉందేమోనని తనలో తను వెతుక్కుంది. లేదు. వెళ్ళిపోతుంది. అయితే ఒక్కసారిగా కత్తిరించినట్టు కాదు. అలా వెళితే తన వెళ్ళడం కూడా ఒక చిరుగే అవుతుంది, చదవగలిగినవాడు చదివేస్తాడు. ఇవాళ ఒకటి, రేపు రెండు, మడతలోంచి పోగులు లాగినట్టు, ఎవరికీ తెలియకుండా, చివరి దారం దాకా. నెలలు పట్టవచ్చు. మెచ్చుకోళ్ళు లేని పొద్దులు ఎలా ఉంటాయో తలచుకుంటే, సిగ్గుచేటే గానీ, గుండెలో ఒక మూల వెలితి ఇప్పుడే మొదలైంది.

అది తర్వాతి సంగతి. నాలుగింటికి కంటికి కనపడే వస్తువు కావాలి.

పరదా వెనక, అన్నిటికంటే చివరి కొక్కేనికి, తొమ్మిదేళ్ళుగా వేలాడుతోంది నాన్న కోటు. బూడిదరంగు ఉన్ని. ఊరి చిరుగులన్నీ కలిపిన మనిషి తన కోటుకి ఒక్క చిరుగు తెచ్చుకోలేదు. ఏటా దులిపి, బ్రష్షుతో రుద్ది, మళ్ళీ అక్కడే తగిలిస్తుంది. కిందికి దింపి వెలుతురులో పెట్టి ఫొటోతో పోల్చుకుంది. ఆమె ఎప్పుడూ దగ్గరనుంచే తీస్తుంది: జేబు మూల, చిరుగు, రెండు బెత్తల బట్ట. గుండీలు లేవు, కాలరు లేదు. రంగు వెంట్రుకవాసి తేడా. ఫోన్లో రంగులు మారతాయి. రఫూ అయ్యాక తీసే ఫొటో ఇంకా పెట్టనేలేదు. చిరుగు ఇంకా చిరుగుగానే, ఈ కోటు మీదే, ఉండవచ్చు.

కత్తెర తీసుకుంది. మొనని జేబు మూలకి ఆనించి, ఆగిపోయింది. కోసిన దారాల తలలన్నీ ఒక్క ఎత్తున ఉంటాయి. చిరిగినవి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అలిసిపోయినట్టు వాలిపోతాయి. అతను ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాడు, నిన్న తన కళ్ళముందే. కత్తెర చెయ్యదు ఈ పని.

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆమె బట్టని కలిపిందే గానీ చింపలేదు. పాత గుడ్డపీలికల్ని చింపవలసి వచ్చినా పక్కింటామెని పిలిచేది, ఆ చప్పుడు పళ్ళ మీద పడినట్టుంటుందని. ఇప్పుడు నాన్న కోటు తొడుక్కుంది. భుజాలు జారాయి. చేతులు వేళ్ళదాకా వచ్చాయి. విన్నది నోట్లోనే ఉంచుకో. ఉంచుకోలేదు నాన్నా. వాగేశాను. పలకరిస్తారని ఆశపడ్డాను.

పెరటి తలుపు గొళ్ళెం తుప్పు పట్టి, కొస బయటికి పొడుచుకుని ఉంటుంది. దాని పక్కన నిలబడి పరదా సందులోంచి చూసింది. గాజు తలుపు అవతల ఒక నల్ల గొడుగు ఆగింది. ముడుచుకుంది. నాలుగుకి ఇంకా పది నిమిషాలుంది. అతను కాళ్ళు తుడుచుకుంటున్నాడు, ఒకటి తర్వాత ఒకటి, శ్రద్ధగా.

చెప్పవలసిన మాటని పెదాల మీద ఒకసారి పెట్టుకుని చూసుకుంది. లేదండీ. ఈ గొళ్ళెం మా ఇంటిది.

గడియ వేసిన తలుపుని అతను తోశాడు. గంట చిన్నగా కదిలింది. వేలి కణుపుతో గాజు మీద రెండుసార్లు తట్టాడు.

జేబు అంచుని గొళ్ళేనికి తగిలించింది. ఆగు, కోటు చిరుగుతుంది. ఆ గొంతు ఆ మనిషిదో నాన్నదో తనదేనో తెలియలేదు.

రఫూ అక్క ముందుకి ఒక అడుగు వేసింది. బట్ట బిగిసి, పట్టి లాగింది. ఆగకుండా రెండో అడుగు కూడా వేసింది.